శ్రీ ఒద్దిరాజు సీతారామచంద్రరావుగారు

తెలంగాణములో తెలుగు చదువునకు రాజాదరణము లేని దినములలో ఒక పల్లెటూరినుండి తెలుగు వారపత్రికను వెలువరించిన సోదరులిద్దరి పేరు మన ఓరుగల్లు సీమవారు వినియే యుందురు. ఆ ఊరు ఇనుగుర్తి. ఆ పత్రిక పేరు తెనుగు. ఆ సోదరులలో పెద్దవారు సీతారామచంద్రరావుగారు, చిన్నవారు రాఘవరంగారావుగారు. లోకము వారిని ఒద్దిరాజు సోదరులని జంటగానే స్మరించుచున్నది. ఒకరిని విడదీసి రెండవవారిని గూర్చి వ్రాయుట కష్టము. అయినను ఈ సంచికకు ఒక మహనీయుని జీవితము కావలెనని కార్యవర్గమువారు కోరినందున, అగ్రజుని పేర వ్రాయుచు, వలసినచోటనెల్ల అనుజుని గూడ పిలుచుకొందును.

వారిని గూర్చి వ్రాయువారు సాధారణముగ పత్రికతో మొదలుపెట్టి పత్రికతో ముగింతురు. వారికి గడియారములు బాగుచేయుట వచ్చుననియు, వడ్రంగము తెలియుననియు, ఛాయాచిత్రములు తీయుదురనియు చివర ఒక వాక్యమున వింతవలె చెప్పి విడిచెదరు. ఆ వాక్యము చివర నుండదగినది కాదని నా అభిప్రాయము. ఇనుగుర్తిలో పత్రిక పుట్టుటకు ఆ చేతిపనియే సగము కారణము. కావున నేను ఆ వైపునుండి ఈ కథ చెప్పదలచినాను.

సీతారామచంద్రరావుగారు 1887లో జన్మించిరి. తమ్ముడు వారికి ఏడేండ్లు చిన్న. ఇనుగుర్తి ఆనాడు ఓరుగల్లు జిల్లాలో మానుకోట తాలూకాకు చేరిన గ్రామము. 2016లో జిల్లాలు విభజింపబడినపుడు అది మహబూబాబాదు జిల్లాలోనికి పోయినది. బెజవాడ వరకు రైలుదారి పడినది 1889లో, అనగా ఆయన రెండేండ్ల పసివాడైనప్పుడు. ఆ దారి మానుకోట మీదుగానే పోవును. రైలు వచ్చినంత మాత్రమున చదువు రాలేదు. నిజాము రాజ్యములో కచేరీ భాష ఉర్దూ, సర్కారు బడులలో చదువు ఉర్దూ. తెలుగు నేర్వగోరిన పిల్లవానికి వీధిబడియే గతి. అచ్చట గుణింతము, ఎక్కములు, శతకములు, అదృష్టము బాగున్నచో అమరము. దానికి మించినది కావలసినవాడు పండితుని వెదకికొనవలెను, లేదా తనకు తానే గురువు కావలెను.

ఒద్దిరాజువారు ఈ రెండవ మార్గమును పట్టిరి. సంస్కృతాంధ్రములు సరే, ఉర్దూ, పారసీ, ఆంగ్లము మున్నగు భాషలను గూడ స్వయంకృషిచేత వశపరచుకొనిరి. ఒంటరిగా చదువుకొన్నవానికి ఒక గుణ మబ్బును. అర్థము కాని పదము తగిలినపుడు అడుగుటకు మనిషి లేడు గనుక, దానిని విప్పి, ధాతువేదో ప్రత్యయమేదో విడదీసి, మరల కూర్చి చూచుకొనును. నాబోటి లెక్కలు వ్రాసుకొనువాడు పంచకావ్యములు చదువుటకు కూర్చున్నపుడు అనుభవమునకు వచ్చిన సంగతియే ఇది. పదమును విప్పి చూచుట అలవడిన చేయి గడియారమును విప్పి చూచుటకు జంకదు.

వారి యౌవనమునాటికి మన ప్రాంతమున గ్రంథాలయోద్యమము మొలకెత్తినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో మన హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. అప్పటికి సీతారామచంద్రరావుగారికి పదునేడేండ్లు. 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము, 1906లో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారి పూనికతో విజ్ఞాన చంద్రికా మండలి. ఈ మండలివారు కావ్యములను గాక చరిత్రలను, శాస్త్రములను తేటతెలుగున అచ్చొత్తించిరి. జీవశాస్త్రమును, రసాయనశాస్త్రమును తెలుగున చదువుకొనవచ్చునను మాట ఆనాటి యువకునికి ఎంత క్రొత్తదో నేడు మన మూహింపజాలము. పుస్తకమనిన పురాణమో ప్రబంధమో అనుకొనినవానికి, లోహమెట్లు కరగును, అద్దముపై బొమ్మ ఎట్లు పడును అని చెప్పు పుస్తకమును గూడ గ్రంథాలయమే అందించినది.

ఇక వారి చేతిపనుల మాట. గడియారముల మరమ్మతు, వడ్రంగము, ఛాయాచిత్రణము, వైద్యము, సంగీతము. ఇవి వారికి తెలిసినవని చెప్పుకొను విద్యలలో కొన్ని మాత్రమే. జాబితా పెంచుట నా ఉద్దేశము కాదు. ఒక్కొక్క పని ఎట్టిదో పాఠకులు తలచుకొనవలెనని కోరుదును. ఆనాటి గడియారము తాళపుచెవితో బిగించునది. లోపల ఉక్కుచుట్ట ఒకటి యుండును. దానిని చుట్టి పెట్టినచో అది విప్పుకొనుటకై పెనుగులాడుచు చక్రములను త్రిప్పును. ఆ చక్రములు ఒక్కసారిగ పరుగెత్తక లెక్కప్రకారము అడుగువేయుటకు చిన్న కొక్కెము ఒకటి ఆపుచు వదలుచు నుండును. మనము వినెడి టిక్కుటిక్కు ఆ కొక్కెముదే. గడియారము నిలిచినదనిన చాలవరకు ఏదియు విరిగియుండదు. నూనె ఎండి జిగురై, దుమ్ముతో కలిసి, ఇరుసును పట్టుకొనియుండును. విప్పుట, తుడుచుట, సూదిమొనతో ఒక్కొక్క బొట్టు నూనె వేయుట, విప్పిన క్రమమునకు తలక్రిందుగా మరల కూర్చుట. కావలసినది బలము కాదు, ఓపిక, ఏది దేని తరువాత వచ్చినదను జ్ఞాపకము. అచ్చుచిత్తులు దిద్దువానికి కావలసినవియు ఈ రెండే.

ఛాయాచిత్రణము అంతకన్న కష్టము. ఆనాడు బొమ్మ పడునది గాజుపలకపై. వెండి లవణము పూసిన ఆ పలకను వెలుతురు సోకనీయక చీకటిగదిలో రసాయనములలో ముంచి తీయవలెను. ఎండకాలము నీరు వేడెక్కినచో పూత కరగి బొమ్మ చెడును. పల్లెటూరిలో మంచుగడ్డ లేదు, రసాయనములమ్ము అంగడి లేదు. అట్టిచోట ఆ విద్యను పట్టినవారికి పుస్తకము ఒక చేతను, పనిముట్టు రెండవ చేతను ఉండితీరవలెను.

ఇందులో మరియొక విశేషమున్నది. మన పల్లెలలో చేతిపనియు చదువును వేర్వేరు వాడలలో నివసించినవి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చర్మకారుడు మొదలగు ఆయగాండ్రు రైతుల నాగళ్లను, బండ్లను, మోటబొక్కెనలను ఏడాది పొడుగున బాగుచేసి, కళ్లములో ధాన్యము కొలిపించుకొనెడివారు. ఒక్కొక్క మరమ్మతుకు ధర లేదు. నాగలి విరిగినచో బాగుచేయుట ఊరి ఒప్పందము. ఆ ఏర్పాటులో మేలెంత యున్నదో, పుట్టుకచేత పనిని కట్టివేయు కీడును అంతయే యున్నది. కలము పట్టినవాడు బాడిసె పట్టుట నామోషీ. బాడిసె పట్టినవానికి కలము అందదు. ఒద్దిరాజు సోదరులు పండితులై యుండియు రంపము పట్టిరి, సానబట్టిరి, చేతులకు మసి పూసికొనిరి. వారి పాండిత్యమును మెచ్చుకొనువారు ఎందరో కలరు. ఈ రెండవ సాహసము మొదటిదానికన్న చిన్నది కాదని నేననుకొందును.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభ్యులు కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టినదని అందరికి తెలిసినదే. గ్రంథాలయములను, పఠనాలయములను స్థాపించుట ఆ సంఘపు ఆశయములలో ముఖ్యమైనది. మరుసటి సంవత్సరము, 1922 ఆగస్టులో, మూడు దినముల యెడముతో రెండు తెలుగు వారపత్రికలు వెలువడినవి. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారి నీలగిరి 24వ తేదీన, ఇనుగుర్తినుండి ఒద్దిరాజువారి తెనుగు 27వ తేదీన. నల్లగొండ జిల్లాకు ముఖ్యపట్టణము. ఇనుగుర్తి పల్లె. పట్టణమున పత్రిక నడుపుట ఒక కష్టము. పల్లెలో నడుపుట నూరు కష్టములు. అప్పటికి అన్నగారికి ముప్పదియైదేండ్లు, తమ్మునికి ఇరువదియెనిమిది.

ముద్రణాలయము నడుపుట యనిన ఏమో చూచినవారికి గాని తెలియదు. తెలుగు అచ్చునకు అక్షరములు ఏబదియారు చాలవు. గుణింతములు, ఒత్తులు, సంయుక్తములు కలిపి వందలకొలది సీసపుటచ్చులు వలయును. ప్రతి అచ్చునకు గళ్లపెట్టెలో ఒక గది. కూర్పరి నిలువబడి, ఎడమచేత కంపోజింగు కడ్డీ పట్టుకొని, కుడిచేత ఒక్కొక్క అక్షరము నేరి తలక్రిందుగా పేర్చుచు పోవును. పంక్తి తరువాత పంక్తి, పుట తరువాత పుట. పేర్చినదానిని ఇనుపచట్రములో బిగించి, సిరా పూసి, ఒక ప్రతి తీసి, తప్పులు దిద్ది, మరల బిగించి, కాగితము వెంట కాగితము అచ్చొత్తవలెను. పని ముగిసిన పిదప ఆ అచ్చుల నన్నిటిని విప్పి ఎవరి గదిలో వారిని చేర్చవలెను. లేనిచో మరుసటివారము పత్రిక లేదు. సీసము మెత్తని లోహము. ఒత్తులు తొందరగా అరుగును, విరుగును. సిరా పూయు రోలరు వజ్రము బెల్లపుపాకము కలిపి పోతపోసినదైనచో మన వైశాఖమాసపు ఎండకు మెత్తబడి అంటుకొనును. చట్రపు మర సడలినను, కీలు పట్టివేసినను, మేస్త్రీ వచ్చుటకు పట్టణమునకు కబురంపవలెను. వారపత్రికకు ఆ వ్యవధి ఏది? ఆదివారమునకు పత్రిక వెలువడవలెనన్న శనివారము మర నడచి తీరవలెను.

ఇచ్చటనే గడియారపు పని, వడ్రంగపు పని అక్కరకు వచ్చును. ఇనుగుర్తి ముద్రణాలయములో వ్రాయువారు, కూర్చువారు, దిద్దువారు, అచ్చొత్తువారు, చిరునామాలు వ్రాసి టపాలో వేయువారు ఆ సోదరులే యని ప్రసిద్ధి. ఇట్లు పనులన్నియు ఇద్దరిచేతనే నడచుటకు వారికి ధనబలముకన్న హస్తబలమే ఆధారమైనది. సంపాదకుడు మాత్రమే యైనవాడు ఇనుగుర్తిలో పత్రిక స్థాపించియున్నచో అది ప్రథమ సంచికతో ముగిసియుండెడిది. ఇది నా తీర్పు. కాదనువారు ఒక పాతమరను పల్లెలో ఆరునెలలు నడిపి చూచి నాతో వాదింపవచ్చును.

తెనుగు పత్రికలో వార్తలు, వ్యాసములు, పద్యములు పడుచుండెడివి. తెలంగాణములో రచన చేయగలవారు లేరను అపవాదునకు అది వారవారము ఇచ్చిన సమాధానము. పల్లెలో చదువనేర్చిన ఒక్కడు రచ్చకట్టపై కూర్చుండి చదువగా పదిమంది వినెడి కాలమది. కావున చందాదారుల సంఖ్యను బట్టి పత్రిక బలమును గణించుట సరికాదు. లెక్కలవాడను గనుక ఈ హెచ్చరిక చేయుచున్నాను.

1923 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్ర జనకేంద్ర సంఘపు మొదటి సమావేశము మన హనుమకొండలోనే జరిగినది. అది మొదలు పల్లెపల్లెను గ్రంథాలయము పెట్టవలెనను పట్టుదల హెచ్చినది. సర్కారువారి అనుమానమును హెచ్చినది. సభ జరుపవలెనన్న ముందు అనుమతి కావలెనను గస్తీ నిషాను 53వ సంఖ్యగలది 1929లో వచ్చినది. నాలుగు పుస్తకములు, రెండు పత్రికలు, ఒక చాప వేసియున్న గదిపై కూడ పోలీసుల కన్ను పడెడి దినములవి. నేడు మనము తలుపులు తెరచి, దీపము వేసి, పేరు పలకపై వ్రాసి కూర్చుండు గ్రంథాలయమునకు వెనుక ఆ గదులున్నవి.

సీతారామచంద్రరావుగారి సాహిత్యకృషిని గూర్చి వేరుగ ఒక వ్యాసము వ్రాయదగును. ఇచ్చట ముక్తసరిగా చెప్పెదను. సోదరులు విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాలను నెలకొల్పిరి. రుద్రమదేవి నవలచేత ఓరుగల్లు చరిత్రను ఓరుగల్లువారే కథగా చెప్పుకొను త్రోవ తీసిరి. కాకతీయుల పేరు వచ్చినది గనుక ఒక మాట. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి కల్యాణమండపము శిథిలమై ఒరగిపోగా, దానిని రాయిరాయిగా విప్పి, పునాది సరిచేసి, మరల నిలిపి 2024 మార్చిలో ప్రజలకు తెరచిరి. విప్పిన రాళ్లు ఏండ్లతరబడి ఆవరణలో పడియుండుట చూచి ఇక ఇది లేవదని నిరాశ చేసికొనినవారు మనలో ఎందరో కలరు. ఎనిమిదివందల యేండ్ల నిర్మాణమైనను విప్పుట తెలిసినవానికి కూర్చుట తెలియునని హనుమకొండవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పుటకు ప్రస్తుత కారణ మొకటి యున్నది. ఈ రజతోత్సవ సంవత్సరమున మన కార్యవర్గము ముందుకు ఒక ప్రతిపాదన వచ్చినది. నెలకొక ఆదివారము గ్రంథాలయపు వసారాలో ఊరివారు చెడిన వస్తువులు తెచ్చుకొని, తెలిసినవారి సాయముతో, డబ్బు పుచ్చుకొనక, తామే బాగుచేసికొనునట్లు ఏర్పాటు చేయవలెనని. పంకాలు, మిక్సీలు, కుట్టుమిషనులు, సైకిళ్లు, చేతిదీపములు, గొడుగులు. కొందరు పెద్దలు దీనికి ఒప్పుకొనలేదు. సరస్వతీ నిలయమున సుత్తిచప్పుడేమనియు, నూనెమరకలు పుస్తకములకు తగులుననియు, ఇది గ్రంథాలయమా, మెకానిక్కు కొట్టా అనియు వారి ఆక్షేపణ. ఊరిలో మరమ్మతుచేసి బ్రతుకు ఇద్దరు ముగ్గురి పొట్ట కొట్టినట్లగునని కూడ ఒకరనిరి. ఈ చివరి మాట ఆలోచింపదగినది. తక్కినవానికి సీతారామచంద్రరావుగారి ఇల్లే సమాధానము. ఆ ఇంట గ్రంథములు, సీసపుటచ్చులు, గడియారపు చక్రములు ఒకదానిని మరియొకటి మైలపరచలేదు.

ఇట్టి ఏర్పాటు లోకమున క్రొత్తది కాదు. 2009 అక్టోబరులో హాలండు దేశపు ఆంస్టర్‌డాం నగరమున ఒక మహిళ ఇట్టి మరమ్మతు కూటమిని మొదటిసారి నడిపినది. అది అనేక దేశములకు ప్రాకినది. అచ్చట పలుచోట్ల ప్రజాగ్రంథాలయములే వానికి చోటిచ్చుచున్నవి. కారణము స్పష్టము. అది అందరికి తెరచియున్న ఇల్లు, బల్లలున్నవి, దీపమున్నది, సందేహము వచ్చినచో చేయిచాచిన పుస్తకమున్నది. మన పొరుగున బెంగళూరులో 2015లో ఇట్టి కూటములు మొదలైనవి. వస్తువును అప్పగించి వెళ్లిపోవుట అచ్చటి పద్ధతి కాదు. తెచ్చినవాడు ప్రక్కన కూర్చుండి చూడవలెను, మర విప్పవలెను. వస్తువు బాగగుట ఒక ఫలము, విద్య వ్యాపించుట రెండవది. గ్రంథాలయమునకు ఈ రెండవదే ముఖ్యము.

పుస్తకమునకు మాత్రము మరమ్మతు లేకున్నదా? మన పూర్వులు తాళపత్రములకు పసుపు రాచి, నిమ్మగడ్డినూనె పూసి, పురుగు పట్టకుండ కాపాడిరి. ఆకు శిథిలమైనపుడు క్రొత్త ఆకుపై గంటముతో తిరిగి వ్రాసిరి. ఆ తిరుగవ్రాత లేకున్నచో భారతమేది, భాగవతమేది? నేడును మన బీరువాలలో అట్టలూడిన గ్రంథములు నూటికి పైగా నున్నవి. వానిని దస్తాలుగా విడదీసి, దారముతో కుట్టి, మైలుతుత్తము కలిపిన గంజితో అట్టవేయుట ఆ ఆదివారపు పనులలో మొదటిదిగా పెట్టుడని నేను కార్యవర్గమునకు వ్రాసియిచ్చితిని. అప్పుడు సుత్తిచప్పుడని ఆక్షేపించువారును సూదిదారముతో వచ్చి కూర్చుండవచ్చును.

పొట్టకొట్టుట మాట. కిందటి ఎండకాలము మా యింటి పంకా నెమ్మదించినది. పట్టణమున ఒక దుకాణమువారు చూచి, ఇక పనికిరాదు, క్రొత్తది కొనుమని పంపిరి. మన వీధిలోని ఐ.టి.ఐ. చదువు పిల్లవాడు కండెన్సరు మార్చగా నిమిషములలో తిరిగినది. దాని వెల కొన్ని పదుల రూపాయలు. నా డబ్బు పోవలసియున్నది ఆ పెద్ద దుకాణమునకు. మిగిలినది మన ఊరిలో. మరమ్మతువారి పొట్టకు శత్రువు మరమ్మతు నేర్చుకొనువాడు కాడు, బాగుచేయించుకొను అలవాటును మరచినవాడు. మన ఊరి మరమ్మతుదారులనే ఆ ఆదివారమునకు గురువులుగా పిలిచి, వారి సామాను ఖర్చు జమాఖర్చుపుస్తకములో వ్రాసి చెల్లించినచో న్యాయముగ నుండును. పుస్తకము నేను వ్రాసెదను.

మన కథకు మరలుదము. తెనుగు పత్రిక కొన్ని సంవత్సరములు నడచి నిలిచిపోయినది. 1926 మే నెలలో హైదరాబాదునుండి సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక బయలుదేరి తెలుగువారి గొంతు నిలిపినది. పత్రిక ఆగినను ఒద్దిరాజువారి కృషి ఆగలేదు. రచన, వైద్యము, విద్యావ్యాసంగము సాగుచునే యుండెను. ఇందు ఒక లోటు నాకు కనబడును. అంత విద్య ఇద్దరియందే కూడినది. వారి చేతిపని వారితోడనే సాగి వారితోడనే ముగిసినది. వ్రాసిన గ్రంథములు మిగిలినవి. గడియారపు చక్రమును ఏ వేళ్లతో ఎట్లు పట్టిరో చూచి నేర్చుకొన్నవాడు ఊరికొక్కడున్నను మరియొక తరము నిలిచియుండెడిది. అది వారి తప్పు కాదు. పుస్తకమునకు గ్రంథాలయ మేర్పడినట్లు చేతిపనికి అందరు కూడు చోటు ఆనాడు ఏర్పడలేదు.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము ముగిసినది. తెలుగు మాటలాడుటకు, తెలుగున సభ జరుపుటకు, పల్లెలో పుస్తకము తెరచుటకు అనుమతి అడుగనక్కరలేని దినములను సీతారామచంద్రరావుగారు చూడగలిగిరి. 1956లో స్వర్గస్థులైరి. తెలుగు ప్రాంతములు ఒక్కరాష్ట్రమైన సంవత్సరమును అదియే. తమ్ముడు రాఘవరంగారావుగారు అటుపిమ్మట పదునేడేండ్లు జీవించి 1973లో కాలధర్మము చెందిరి. జీవితమంతయు జంటగ పనిచేసినవారిలో వెనుక మిగిలినవారి ఒంటరితనమును గూర్చి చరిత్రకారులు వ్రాయరు. నేనును వ్రాయజాలను.

తెనుగు పత్రిక ప్రతులు నేడు మిక్కిలి అరుదు. మన ప్రాంతమున పాతయిండ్ల అటకలపై, దస్తావేజుల మూటలలో, పంచాంగములకు వేసిన అట్టల లోపల అట్టి కాగితములు చిక్కుట కద్దు. చందాదారులలో ఎవరి యింటనైన 1922 మొదలు నాలుగైదేండ్ల లోపలి తెనుగు సంచిక యున్నచో, చిరిగినదైనను, సగముదైనను, ఒక్క పుటయైనను గ్రంథాలయమునకు తెచ్చి చూపగోరెదము. మడతలు బలవంతముగ విప్పవలదు, అంటుకాగితము అంటింపవలదు. రెండు అట్టల నడుమ పెట్టి ఉన్నదున్నట్లు తేవలెను. ఛాయాప్రతి తీసికొని, రసీదు వ్రాసి, మూలమును ఆ సాయంకాలమే తిరిగి అప్పగించెదము.